మిషిగన్ సరస్సు మీద మార్చి కోహో: ఫ్లోటేషన్ సూట్ ఏళ్ల తరబడి వాడాక

అమెరికాలోని మిషిగన్ సరస్సులో సీజన్ మొదట్లోనే కోహో సాల్మన్ పట్టాలనుకునే మనవాళ్లు అడిగే మొదటి ప్రశ్న ఏ రాడ్ కొనాలి, ఏ లూర్ (నకిలీ ఎర) కట్టాలి అని. మొదటి డబ్బు ఫ్లోటేషన్ సూట్ మీద, అంటే నీళ్లలో పడితే తేల్చి ఉంచే దుస్తుల మీద పెట్టమని నా సలహా. ఇండియానా తీరంలో, 18 అడుగుల అల్యూమినియం బోటు మీద, ఫిబ్రవరి చివరి నుంచి ఏప్రిల్ మధ్య దాకా చాలా సీజన్లుగా ఒకే సూట్ వాడుతున్నాను. దాని మంచీ చెడూ రెండూ బాగా తెలిశాకే రాస్తున్నాను. కంపెనీ పేరు చెప్పడం లేదు. ఈ రకం సూట్లు దాదాపు ఒకే పద్ధతిలో ఉంటాయి, కాబట్టి నేను చెప్పేవి చాలావరకు అన్నిటికీ వర్తిస్తాయి.

ఆ చలిలో అసలు చేపలెందుకు వస్తాయో ముందు చెప్పాలి. కోహో పుట్టుకతో పసిఫిక్ తీరపు చేప. 1960ల్లో ఏల్‌వైఫ్ అనే చిన్న చేప ఈ సరస్సంతా నిండిపోయి, గుట్టలు గుట్టలుగా చచ్చి ఒడ్డుకు కొట్టుకొచ్చేది. వాటిని తినే పెద్ద చేప కావాలని మిషిగన్ రాష్ట్ర మత్స్యశాఖలో హోవర్డ్ టానర్ పట్టుబట్టి, ఒరెగాన్ నుంచి గుడ్లు తెప్పించి, 1966లో ప్లాట్ నదిలో కోహో పిల్లల్ని వదిలించారు. హేచరీల్లో పెంచి వదలడం ఇప్పటికీ సాగుతోంది. చలికాలం చివర్లో ఈ చేపలు సరస్సు దక్షిణపు కొసకు, అంటే ఇండియానాలోని మిషిగన్ సిటీ, పోర్టేజ్, గేరీల ఎదురుగా ఒడ్డు పక్కకు చేరతాయి. అక్కడ లోతు తక్కువ. ఎండ తగిలితే అన్నిటికన్నా ముందు వేడెక్కేది ఆ నీళ్లే. వేడెక్కడం అంటే, పక్కన 3 డిగ్రీలుంటే ఇక్కడ 5 ఉంటుంది, అంతే. ఆ రెండు డిగ్రీల కోసమే ఎర చేపలు వస్తాయి, వాటి వెనకే కోహోలు. పది అడుగుల లోతులో కూడా తగులుతాయి. పెద్ద బోటు, ఎరను లోతుకు దించే డౌన్‌రిగ్గర్లు అక్కర్లేదు. చిన్న బోటు ఉన్న మామూలు మనిషి ధీమాగా సాల్మన్ పట్టగలిగే రోజులు ఏడాది మొత్తంలో ఇవే. మేలో మొదలుపెడదాం అనుకునేవాళ్లకు నేను గట్టిగా చెప్పేది ఇదే: మే వచ్చేసరికి చేప రెండు ఒడ్ల వెంబడి ఉత్తరానికి సర్దుకుంటుంది.

చిక్కంతా గాలితో. సరస్సు ఉత్తర దక్షిణాలుగా సుమారు 490 కిలోమీటర్ల పొడవు. ఉత్తరగాలి లేచిందంటే అంత పొడవునా అలలు పెరుగుతూ వచ్చి మన కొస మీదే విరుగుతాయి. దక్షిణగాలి అయితే ఒడ్డు పక్కన నీళ్లు కదలవు. మార్చిలో ఈ రెండూ ఒకే పూట చూడొచ్చు. పొద్దున బోటు నీళ్లలోకి దించే ర్యాంపు దగ్గర 12 డిగ్రీలు, పైది విప్పెయ్యాలనిపించే ఎండ. పదింటికి ఉత్తరాన నీళ్ల మీద నల్లటి గీత కనిపిస్తుంది. అది మన దాకా వచ్చాక ఉష్ణోగ్రత చూస్తుండగానే పడిపోతుంది, వెనకే మంచు జల్లు. దక్షిణగాలికి లోపలికి కొట్టుకుపోయిన మంచు పలకలు కూడా ఉత్తరగాలితో తిరిగొచ్చి హార్బర్ నోటికి అడ్డం పడతాయి. నడి సరస్సులో తేలుతూ గాలినీ అలలనూ కొలిచే వాతావరణ బోయాలను చలికాలానికి తీసేస్తారు కాబట్టి అలల ఎత్తు ఎంతుందో చూసుకోవడానికి ఆ రోజుల్లో పెద్దగా ఆధారం ఉండదు. నేషనల్ వెదర్ సర్వీస్ వాళ్ల తీరప్రాంత సూచన, ఒడ్డు మీది గాలి కొలతలు, ఆపైన మన కళ్లు.

వదిలిన కోహోలు పెద్దవై తిరిగొచ్చిన మొదటి పెద్ద సీజన్లోనే, 1967 సెప్టెంబరు 23న, ఇదే సరస్సు మీద ఒక్కసారిగా లేచిన గాలికి చిన్న బోట్లు తిరగబడి ఏడుగురు చనిపోయారు. అది సెప్టెంబరు, నీళ్లు ఇంకా కాస్త వెచ్చగా ఉండే నెల. మార్చి నీళ్లలో పడితే జరిగేదాన్ని కెనడా శాస్త్రవేత్త గోర్డన్ గీస్‌బ్రెక్ట్ 1-10-1 అని మూడంకెల్లో చెబుతారు. ఊపిరి అదుపులోకి తెచ్చుకోవడానికి 1 నిమిషం, చేతులూ కాళ్లూ పనికొచ్చేది 10 నిమిషాలు, స్పృహ తప్పడానికి సుమారు 1 గంట. తేలే వస్తువు ఒంటి మీద లేకపోతే ఆ గంట దాకా రాం, పది నిమిషాల్లోనే అయిపోతుంది. సూట్ ధర మీద బేరమాడేవాళ్లకు నేను ఈ అంకెలే చెబుతాను.

ఇక సూట్ సంగతి. మెడ నుంచి చీలమండ దాకా ఒకే ముక్క. పైన నైలాన్, లోపల నీరు పీల్చని ఫోమ్. నడుముకు బెల్టు, తొడలకూ చీలమండలకూ బిగించుకునే పట్టీలు, మణికట్టు దగ్గర రబ్బరులా సాగే నియోప్రీన్, మెడ వెనక నోటితో ఊదుకునే చిన్న దిండు. కొనేటప్పుడు చూడాల్సింది లోపలి లేబుల్: యూఎస్ కోస్ట్ గార్డ్ (అమెరికా తీర రక్షక దళం) ఆమోదం ఉందా లేదా. ఐస్ ఫిషింగ్ కోసం అమ్మే సూట్ల మీద ‘ఫ్లోట్ అసిస్ట్’ (తేలడానికి సాయం) అని రాసి ఉంటుంది. వాటిలో చాలావాటికి ఆ ఆమోదం ఉండదు. అంటే అది వేసుకున్నా పైన లైఫ్ జాకెట్ ఉండాల్సిందే. షాపులో రెండూ పక్కపక్కనే వేలాడుతుంటాయి, చూడ్డానికీ ఒకేలా ఉంటాయి. అమ్మేవాళ్లు అడిగితే తప్ప చెప్పరు.

వెచ్చదనంలో దీనికి వంక పెట్టలేను. లోపల ఒంటికి పట్టే ఉన్ని బనియను, దాని మీద పల్చటి ఫ్లీస్ ఉంటే చాలు, సున్నా కింద కూడా గంటల తరబడి కూర్చోగలను. ఫోమ్ లోంచి గాలి దూరదు. ట్రోలింగ్, అంటే బోటు వెనక ఎరలు లాగుతూ మెల్లగా తిరగడం, చేసేటప్పుడు మోటారు పట్టుకుని కదలకుండా కూర్చోవడమే సగం పని, అక్కడ దీని విలువ తెలుస్తుంది. ఎండ కాసే పొద్దున మాత్రం చెమట పడుతుంది. ర్యాంపు దగ్గర ట్రైలర్‌తో కుస్తీ పట్టేటప్పుడు నడుము దాకా విప్పి చేతులు ముడేసుకుంటాను. బోటు కదిలే ముందు జిప్పు గడ్డం దాకా ఎక్కాల్సిందే. నా బోటులో ఈ విషయంలో ఎవరికీ మినహాయింపు లేదు.

వేసుకున్న కొత్తలో బొంత చుట్టుకున్నట్టుంటుంది. రెండో సీజన్‌కి భుజాల దగ్గర, మోకాళ్ల దగ్గర మెత్తబడింది. పనికి అడ్డొస్తుందా అంటే, ఇక్కడి పనే చెబుతాను. ఇండియానాలో మనిషికి మూడు గాలాలు వేసుకోవచ్చు. ఇద్దరం ఉంటే ఆరు. నీళ్లు లోతు లేవు కాబట్టి బోటు శబ్దానికి చేప బెదురుతుంది, అందుకే దారాలను ప్లేనర్ బోర్డులతో, అంటే దారానికి క్లిప్పుతో తగిలించే తేలే పలకలతో, పక్కలకు తోలుతాం. గంటకు రెండు మైళ్ల వేగం. చేపను ఆకర్షించడానికి ఊగే రేకు, ఎర్ర డాడ్జర్, దాని వెనక జానెడు కన్నా కాస్త ఎక్కువ దూరంలో ఫ్లై అనే చిన్న నకిలీ ఎర. లేదా వేలంత నారింజ రంగు లూర్. సీజన్ మొదట్లో కోహోకి నారింజ, ఎరుపు రంగులంటే ఎందుకంత పిచ్చో గానీ, మిగతా రంగులు పెట్టెలోనే ఉండిపోతాయి. చేప కొట్టగానే బోర్డు ఒక్కసారి వణికి వెనక్కి జారుతుంది. దారం చుడుతూ, దగ్గరికొచ్చిన బోర్డు క్లిప్పు ఒక చేత్తో ఊడదీసి, మళ్లీ చుట్టాలి. ఈలోగా కోహో నీళ్ల పైన పొర్లుతూ దారాన్ని ఒంటికి చుట్టేసుకుంటుంది. ఇదంతా సూట్‌తోనే హాయిగా చేయొచ్చు. బోటు అంచు మీద నుంచి వంగి వల వేసేటప్పుడు మాత్రం పొట్ట దగ్గర ఫోమ్ మడతపడి కాస్త అడ్డం వస్తుంది. పిడి పొడుగున్న వల కొన్నాక ఆ బాధ తీరింది.

చేతుల చలికి మాత్రం సూట్ ఏమీ చేయలేదు. రాడ్ రింగుల్లో ఐసు గడ్డకడుతుంది, దాన్ని వేళ్లతోనే నలిపి తీయాలి. తడి గ్లవ్స్ కన్నా ఒట్టి చేతులే నయం. రెండు మూడు జతల గ్లవ్స్ మార్చుకుంటూ, ఛాతీ జేబులో హ్యాండ్ వార్మర్లు పెట్టుకుంటాను. ఆ ఛాతీ జేబులు చాలా మంచి చోట ఉన్నాయి, విజిలు కూడా అక్కడే కడతాను.

ఇప్పుడు అసలు పరీక్ష. ఒక ఏప్రిల్ మొదట్లో, గాలి లేని రోజు, ర్యాంపు పక్కన నడుముకు తాడు కట్టుకుని కావాలనే నీళ్లలోకి దిగాను. తాడు రెండో కొస మా బావమరిది చేతిలో. నీళ్లు 6 డిగ్రీలు. మొదట మెడ దగ్గర సన్నగా, తర్వాత జిప్పు వెంబడి ఛాతీ మీదకు నీళ్లు దిగాయి. ఆ గీత ఎక్కడెక్కడ పాకిందో ఇప్పటికీ చెప్పగలను. ఊపిరి లోపలికే పోతోంది, బయటికి రావడం లేదు. “బావా, మాట్లాడు, ఏదో ఒకటి మాట్లాడు” అని వాడు అరుస్తున్నాడు. మాట వచ్చేసరికి నిమిషం పట్టింది. ఆ నిమిషమంతా నా ప్రయత్నం ఏమీ లేకుండానే గడ్డం నీళ్ల పైన ఉంది. ఈ సూట్‌కి డబ్బు పెట్టింది ఆ నిమిషం కోసమే.

ఆ పరీక్ష మూడు విషయాలు తేల్చింది. ఒకటి, ఇది డ్రై సూట్ కాదు, నీళ్లు లోపలికి వస్తాయి. వచ్చిన నీళ్లు మాటిమాటికీ మారకుండా ఉంటేనే ఒంటి వేడికి కాస్త వెచ్చబడతాయి, ఆ పని చేసేవి పట్టీలు. వదులుగా వదిలేసి దిగడానికీ, బిగించి దిగడానికీ తేడా చాలా ఉంది. పైగా వదులుగా ఉంటే కాళ్లలో చిక్కిన గాలికి పాదాలు పైకి లేస్తాయి. రెండు, స్పృహ తప్పిన మనిషిని వెల్లకిలా తిప్పుతుందని దీని మీద నమ్మకం పెట్టుకోకూడదు. ఆ రకం లైఫ్ జాకెట్లు వేరు. మూడోది అన్నిటికన్నా ముఖ్యం. తడిసిన సూట్ చాలా బరువు. బోటు అంచు పట్టుకుని చేతుల బలంతో పైకి రావడం నా వల్ల కాలేదు. అప్పటికి ఒంట్లో సత్తువ బాగానే ఉంది కూడా. ఆ వారమే బోటు వెనక మడత నిచ్చెన బిగించాం, నీళ్లలో నుంచి చేత్తో లాగితే దిగేది. నిచ్చెన లేని బోటులో ఈ సూట్ సగమే పనిచేస్తుంది. లాగితే మోటారు ఆగిపోయే కిల్ స్విచ్ తాడును సూట్ ఉంగరానికి తగిలించడం కూడా అంతే అవసరం. ఒక్కరే ఉన్నప్పుడు పడితే బోటు మనల్ని వదిలేసి పోకూడదు.

మన్నిక. ఫోమ్ ఇప్పటికీ బాగుంది. నైలాన్ భుజాల దగ్గర ఎండకు వెలిసింది, చిరగలేదు. కాలి జిప్పులు మాత్రం నిరాశపరిచాయి. ఇది ఉప్పునీటి సరస్సు కాదు, అయినా ఇసుక, మంచు కలిసి పళ్లను తినేశాయి. మూడో సీజన్‌కి ఒక జిప్పు సగంలో ఆగిపోయింది. మార్పించడానికి కంపెనీకి రాస్తే జవాబుకే వారాలు పట్టింది, చివరికి బూట్లు కుట్టే షాపులో వేయించాను. ఇప్పుడు ప్రతి ట్రిప్ తర్వాత మంచినీళ్లతో కడిగి, జిప్పులకు మైనం రాస్తున్నాను. మెషీన్‌లో వేయకండి, హీటర్ పక్కన ఆరేయకండి. తలకిందులుగా వేలాడదీస్తే కాళ్లలో తడి దిగిపోతుంది.

చేప వాసన గురించి మా ఇంట్లో ఫిర్యాదు న్యాయమైనదే. కోహో జిగురు ముంజేతుల మీద ఎండితే వదలదు, అదే రోజు మామూలు సబ్బుతో రుద్దాలి. ఆ చేప మాత్రం ఇంట్లో అందరికీ ఇష్టం. మార్చిలో కిలో, కిలోన్నర ఉంటుంది. ముక్కకు కారం, పసుపు పట్టించి పెనం మీద వేయిస్తే అమోఘం. పులుసు పెట్టాలంటే చింతపండు పులుసు బాగా మరిగాక చివర్లో ముక్కలు వేసి అయిదు నిమిషాలకే దించేయాలి, లేదంటే విడిపోతాయి.

ఒకే ముక్క సూట్‌తో ఇంకో ఇబ్బంది ఉంది, ఎవరూ రాయరు కాబట్టి నేను రాస్తున్నాను. ఒంటేలుకు వెళ్లాలంటే ఊగే బోటులో సగం సూట్ విప్పాలి. అది ప్రమాదమే. అందుకని హార్బర్ దాటకముందే ఆ పని చూసుకుంటాం, కాఫీ తగ్గిస్తాం. ఆడవాళ్లు, పెద్దవయసువాళ్లు వస్తుంటే జాకెట్, ప్యాంటు విడివిడిగా ఉన్నది కొనడం మేలు. దానిలో కూడా ఆమోదం జాకెట్‌కి ఒక్కదానికే ఉందా, రెండిటికీ కలిపి ఉందా అన్నది లేబుల్ మీద చదవాలి.

ధర కొన్ని వందల డాలర్లు. ఒడ్డు మీద నుంచి, నీళ్లలోకి కట్టిన పియర్ మీద నుంచి మాత్రమే గాలం వేసేవాళ్లకు అంత ఖర్చు అనవసరం. మంచి లైఫ్ జాకెట్, బూట్లకు ఐసు మేకులు ఉంటే చాలు. ఏప్రిల్ తర్వాతే బోటు దించేవాళ్లు కూడా ఆలోచించుకోవచ్చు. మార్చిలో చిన్న బోటుతో వెళ్లేవాళ్లకు మాత్రం రెండో మాట లేదు, బోటులో ఎంతమంది ఉంటే అన్ని సూట్లు ఉండాలి. నేను రెండోది కొన్నాకే మా బావమరిదిని తీసుకెళ్లడం మొదలుపెట్టాను. సూట్ ఉంది కదా అని సూచనలో ఉత్తరగాలి ఉన్న రోజు బోటు దించను. అలాంటి గాలి తగ్గిన రెండో రోజు వెళ్లండి. ఒడ్డు పక్కన నీళ్లు ఇంకా బురదగా ఉంటాయి. ఆ బురద నీళ్లూ తేట నీళ్లూ కలిసే గీత వెంబడి బోర్డులు తోలండి, కోహోలు అక్కడే ఉంటాయి.