"ఏ యాప్ సౌండ్ అయినా ఏ ట్రాక్‌కైనా" అని అమ్ముతున్న ఆ రౌటింగ్ బండిల్ జోలికి పోకండి

ఇంకా కోపం తగ్గలేదు. తగ్గేదాకా ఆగితే ఈలోగా ఇంకొందరు డబ్బు కట్టేస్తారు. అందుకే ఇప్పుడే రాస్తున్నాను.

నేను దేని గురించి చెబుతున్నానో మీలో చాలామందికి ఈపాటికే అర్థమై ఉంటుంది. మిక్సింగ్ పాఠం ఏది చూడబోయినా ముందు వచ్చే ఆ ప్రకటనే. ఒక యాప్‌లో మోగే సౌండ్‌ని ఇంకో యాప్‌లోకి పంపిస్తామనే సాఫ్ట్‌వేర్ అది, ఇలా పంపడాన్నే రౌటింగ్ అంటారు. నీలం రంగు ప్యానెల్ మీద ఒక యాప్ నుంచి ఇంకో యాప్‌కి వైర్లు లాగుతూ ఉంటారు. 32 ఛానెళ్లు (విడివిడి సౌండ్ దారులు), జీరో లేటెన్సీ (సౌండ్‌కి ఆలస్యమే ఉండదట), రీవైర్ (రెండు మ్యూజిక్ సాఫ్ట్‌వేర్లను కలిపే పాత పద్ధతి) లేని లోటు తీరుస్తాం అని చెబుతారు. పేరు రాయడం లేదు. ఇప్పటికే ఇంకో పేరుతో ఇంకో పేజీ తెరిచారు, రేపు మూడోది తెరుస్తారు. పేరు గుర్తుపెట్టుకునే కన్నా వాళ్లు మనతో ఏం చేయిస్తారో గుర్తుపెట్టుకోవడం మేలు.

నాకు కావాల్సింది పెద్ద విషయమేమీ కాదు. దూరంగా ఉన్న గాయని కాల్‌లో పాడుతుంది. ఆమె గొంతు నేను రికార్డింగ్‌కి వాడే రీపర్ సాఫ్ట్‌వేర్‌లో విడిగా ఒక ట్రాక్‌లో పడాలి. నా దగ్గరి మ్యూజిక్ ఆమెకు వినిపించాలి, కానీ ఆమె గొంతు మళ్లీ ఆమెకే తిరిగి వెళ్లకూడదు. దీన్ని మిక్స్ మైనస్ అంటారు. దీనికి కనీసం రెండు విడి దారులు ఉండాలి: కాల్ నుంచి రీపర్‌కి ఒకటి, రీపర్ నుంచి కాల్‌కి ఒకటి. ఒక దారిలో నడిచేది ఇంకో దారిలో కలవకూడదు. 32 ఛానెళ్లు అన్నారు కాబట్టి కొన్నాను.

ఇన్‌స్టాల్ చేయబోతే విండోస్ ఒప్పుకోలేదు. డ్రైవర్ (ఆ సాఫ్ట్‌వేర్‌ని విండోస్‌కి సౌండ్ పరికరంలా చూపించే భాగం) సంతకం, అంటే ఎవరిచ్చారో, మధ్యలో ఎవరూ మార్చలేదో చెప్పే డిజిటల్ ముద్ర, సరిగా లేదని ఆపేసింది. సపోర్ట్‌కి మెయిల్ పెడితే వెంటనే జవాబు వచ్చింది: సెక్యూర్ బూట్ ఆపేయండి, ఆ తర్వాత టెస్ట్ మోడ్ ఆన్ చేయండి, ఆడియో డ్రైవర్లకు ఇది మామూలే అని. మామూలు కాదు. సెక్యూర్ బూట్ అంటే కంప్యూటర్ మొదలయ్యేటప్పుడు నమ్మదగ్గ సాఫ్ట్‌వేర్‌నే నడవనిచ్చే కాపలా, టెస్ట్ మోడ్ అంటే ఆ సంతకాల తనిఖీని సడలించే విండోస్ అమరిక. 64 బిట్ విండోస్‌లో కెర్నెల్ (విండోస్ లోలోపలి భాగం) డ్రైవర్‌కి సరైన డిజిటల్ సంతకం ఉండాలన్న నియమం విస్టా కాలం నుంచీ ఉంది. విండోస్ 10 వచ్చాక అది ఇంకా బిగిసింది, కొత్త డ్రైవర్లు మైక్రోసాఫ్ట్ సంతకంతోనే రావాలి. సొంతంగా డ్రైవర్ రాసి, సరిగా సంతకం చేయించుకున్న ఏ ఆడియో కంపెనీ కూడా కొన్నవాళ్లని టెస్ట్ మోడ్ పెట్టుకోమని అడగదు. తాళంచెవి పట్టకపోతే తలుపే ఊడబీకమన్నట్టుంది వీళ్ల సలహా.

వాళ్లు చెప్పినట్టే సెక్యూర్ బూట్ ఆపి రీస్టార్ట్ చేస్తే నీలం తెర వచ్చి బిట్‌లాకర్ (డిస్క్‌కి విండోస్ వేసే తాళం) రికవరీ కీ అడిగింది. 48 అంకెలు. ఇలా అడుగుతుందని ఆ మెయిల్‌లో ఒక్క ముక్క లేదు. నా దగ్గర కీ రాసి పెట్టి ఉంది కాబట్టి సరిపోయింది. లేనివాళ్లు కంగారులో ఏం నొక్కుతారో, డిస్క్‌లోని ప్రాజెక్టులన్నీ ఏమవుతాయో ఆ మెయిల్ పంపిన మనిషికి పట్టలేదు.

సరే, ఎక్కింది. డెస్క్‌టాప్ కింద కుడి మూల "టెస్ట్ మోడ్" అనే అక్షరాలు వచ్చి కూర్చున్నాయి. ప్యానెల్ తెరుచుకుంది. వాళ్లే ఇచ్చిన రీపర్ టెంప్లేట్ (ముందే అమర్చి పెట్టిన ప్రాజెక్ట్) తెరిచి, ఆమెని కాల్‌లోకి పిలిచి, రికార్డ్ నొక్కాను. రెండు మాటలు పాడిందో లేదో, చెవులు చిల్లులు పడేలా కూత మొదలైంది. ఆమె హెడ్‌ఫోన్స్ లాగి పడేసింది. ఆ రోజు ఇంక పాడలేనంది. నేనూ అడగలేకపోయాను.

ఎందుకు కూసిందో తర్వాత చూస్తే స్పష్టంగా ఉంది. టెంప్లేట్‌లో గొంతు ట్రాక్‌కి ఇన్‌పుట్ మానిటరింగ్ (లోపలికి వచ్చే సౌండ్‌ని వెంటనే బయటికి వినిపించడం) ఆన్ చేసి ఉంది. ఆ ట్రాక్ మాస్టర్‌కి, అంటే ట్రాకులన్నీ కలిసే చివరి అవుట్‌పుట్‌కి, వెళ్తోంది. మాస్టర్ వెళ్లి అదే వర్చువల్ కేబుల్‌లో (యాప్‌ల మధ్య వైరులా పనిచేసే డ్రైవర్‌లో) పడుతోంది. ఆ కేబుల్ మళ్లీ అదే ట్రాక్ ఇన్‌పుట్‌కి వస్తోంది. రీపర్‌లో ట్రాకుల మధ్య ఇలాంటి చక్రం పడబోతే అది మామూలుగా ఒప్పుకోదు, ప్రాజెక్ట్ సెట్టింగ్స్‌లో ఫీడ్‌బ్యాక్‌ని మనమే అనుమతించాలి. కానీ చక్రం బయటి కేబుల్ గుండా తిరిగితే రీపర్‌కి కనిపించదు. రౌటింగ్ అమ్ముకునేవాళ్లకి ఇది ఓనమాలు. టెంప్లేట్‌ని తయారు చేసినవాళ్లు దాన్ని ఒక్కసారి కూడా మోగించి చూసుకోలేదన్నమాట.

32 ఛానెళ్ల సంగతి తేల్చుకుందామని ఒక ఖాళీ ప్రాజెక్ట్‌లో 1 కిలోహెర్ట్జ్ టోన్ పెట్టి, ప్యానెల్‌లో 5, 6 ఛానెళ్లకి పంపాను. రెండో యాప్‌లో 1, 2లో వచ్చింది. 17, 18కి మార్చాను. మళ్లీ 1, 2లోనే. ఏ వైరు ఎటు లాగినా అది చేరేది ఒక్క జతలోకే. ఆ ప్యానెల్ బొమ్మ మాత్రమే. వెనక ఉన్నది ఒకే ఒక్క స్టీరియో కేబుల్.

ఇక ఏది తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతోందో దానికి వస్తాను.

ఫిర్యాదు చేస్తే రిమోట్‌లో చూస్తామన్నారు. ఒకతను నా స్క్రీన్‌లోకి వచ్చాడు, ఇటు కాల్‌లో మాట్లాడుతున్నాడు. సౌండ్ సెట్టింగ్స్ తిప్పాడు, ఏదో మార్చాడు, కుదరలేదు. డివైస్ మేనేజర్ తెరిచాడు. వాళ్ల పేరున్న డివైస్ మీద నొక్కి, డ్రైవర్ ట్యాబ్‌లోకి వెళ్లి, డ్రైవర్ వివరాలు తెరిచాడు. చిన్న కిటికీ అది. పైన ఫైళ్ల జాబితా, కింద ప్రొవైడర్, ఫైల్ వెర్షన్, కాపీరైట్, డిజిటల్ సైనర్ అని నాలుగు వరుసలు. కాపీరైట్ వరుసలో వాళ్ల పేరు లేదు. మనందరం ఏళ్లుగా వాడుతున్న ఒక ఉచిత కేబుల్ డ్రైవర్‌ని రాసినతని పేరుంది.

నేను మిగతాది చదివేలోపే మౌస్ ఒక్క ఉదుటున పైకి వెళ్లి ఆ కిటికీ మూసేసింది.

"ఆగండి, అది మళ్లీ తెరవండి" అన్నాను.

"అది విండోస్ చూపించే డిఫాల్ట్ పేరు మేడమ్, దానికీ మనకీ సంబంధం లేదు."

"డిఫాల్ట్ కాదండీ. అది ఫైల్‌లోనే ఉంటుంది, దాన్ని రాసినవాళ్లు పెట్టుకునే పేరు. ఈ డ్రైవర్ మీరు రాసింది కాదు కదా?"

కాసేపు ఏమీ వినపడలేదు. తర్వాత అన్నాడు: "మ్యూజిక్ చేసుకునేవాళ్లకి ఇవన్నీ దేనికి మేడమ్? మీకు సౌండ్ వస్తోందా లేదా? రౌటింగ్ అంటే తెలియనివాళ్లతో మాకు రోజూ ఇదే గొడవ."

నేను ఇంకో మాట అనేలోపు స్క్రీన్ వదిలేసి, కాల్ పెట్టేసి వెళ్లిపోయాడు. నా కంప్యూటర్‌లోకి వచ్చి, నా కళ్ల ముందే దొంగతనం బయటపడితే, దాన్ని మూసేసి నాకే తెలియదన్నాడు. గంటలోపు మెయిల్ వచ్చింది. సాఫ్ట్‌వేర్‌ని "విశ్లేషించే ప్రయత్నం" చేసినందుకు లైసెన్స్ రద్దు చేశారట. డిజిటల్ సరుకు కాబట్టి డబ్బు వెనక్కి రాదట. డివైస్ మేనేజర్ తెరిచింది వాళ్ల మనిషే. ఆ మాట రాస్తే జవాబు లేదు.

ఆ కిటికీని తర్వాత నేనే తెరిచి స్క్రీన్‌షాట్లు తీసి పెట్టుకున్నాను. జరిగింది ఇది. ఉచిత డ్రైవర్‌ని తెచ్చారు. దానితో వచ్చే సెటప్ సమాచార ఫైల్‌లో అసలు పేరు తీసేసి వాళ్ల పేరు పెట్టుకున్నారు. ఆ ఫైల్‌లో ఒక్క అక్షరం మారినా మొత్తం ప్యాకేజీ సంతకం చెల్లదు, సంతకం ఉండేదే అందుకు. అది చెల్లక విండోస్ ఆపింది. ఆపినందుకు మనల్ని టెస్ట్ మోడ్ పెట్టుకోమన్నారు. టెస్ట్ మోడ్‌లో విండోస్ ఎవరు పడితే వాళ్లు సొంతంగా చేసుకున్న టెస్ట్ సంతకాన్ని కూడా ఒప్పుకుంటుంది. అంటే వాళ్ల స్టిక్కర్ అతకడం కోసం కొన్న ప్రతి ఒక్కరి కంప్యూటర్ కాపలా తీయించారు. నా డబ్బు పోయిన బాధ కన్నా ఇది ఎక్కువ బాధగా ఉంది. పాటలు చేసుకునేవాళ్లకి కెర్నెల్, సంతకం లాంటివి పట్టవన్న ధీమాతోనే ఈ వ్యాపారం నడుస్తోంది.

అసలు డ్రైవర్ రాసినతను దాన్ని అందరికీ ఇచ్చి, నచ్చితే మీకు తోచినంత ఇవ్వండి అన్నాడు. అతనికి చేరాల్సిన డబ్బు వీళ్ల జేబులోకి పోతోంది.

ప్రకటనలోని మిగతా రెండు మాటల గురించి కూడా చెప్పాలి. జీరో లేటెన్సీ అనేది ఏ కేబుల్ డ్రైవర్‌తోనూ జరగదు. సౌండ్ బఫర్లలో ముక్కలుగా నడుస్తుంది. 48 కిలోహెర్ట్జ్‌లో (సెకనుకి 48,000 శాంపిళ్లు, అంటే సౌండ్ కొలతలు) 512 శాంపిళ్ల బఫర్ అంటేనే దాదాపు 10.7 మిల్లీసెకన్లు, అదీ ఒక్క వైపుకి. ఇక రీవైర్. 1998లో ప్రొపెల్లర్‌హెడ్, స్టైన్‌బర్గ్ తెచ్చిన ఆ పద్ధతి 2020తో ముగిసింది. దానికి అలవాటుపడినవాళ్లు ఇప్పటికీ బదులు వెతుకుతున్నారు, వీళ్ల వల ముఖ్యంగా వాళ్ల కోసమే. కానీ రీవైర్ 256 దాకా ఆడియో ఛానెళ్లు మోయడమే కాదు, రెండు సాఫ్ట్‌వేర్లనూ శాంపిల్ తేడా లేకుండా ఒకే టైములో నడిపేది. ఇక్కడ ప్లే నొక్కితే అక్కడా మొదలయ్యేది. వర్చువల్ కేబుల్ సౌండ్‌ని మాత్రమే అటు నుంచి ఇటు చేరుస్తుంది. ప్లే, స్టాప్, టెంపో దానికి తెలియవు. రెండు చివరలా శాంపిల్ రేట్లు ఒకటి 44.1, ఇంకోటి 48 ఉంటే మధ్యలో మార్పిడి జరగాలి. రెండు డివైస్‌ల గడియారాలు వేరైతే కాసేపటికి టిక్ టిక్ మని చప్పుళ్లు మొదలవుతాయి. ఇవేవీ వాళ్ల పేజీలో ఉండవు.

నా పని చివరికి ఉచితంగానే అయిపోయింది. రీపర్ విండోస్ ఇన్‌స్టాలర్‌లోనే రీరౌట్ అని ఒక ఆసియో (మ్యూజిక్ సాఫ్ట్‌వేర్లు వాడే ఆడియో పద్ధతి) డ్రైవర్ ఉంటుంది, ఇన్‌స్టాల్ చేసేటప్పుడు దాని పక్కన టిక్ పెట్టాలంతే. ఆసియోతో నడిచే యాప్‌ల మధ్య అది చాలు. బ్రౌజర్, కాల్ లాంటివి ఆసియోలో మాట్లాడవు కాబట్టి వాటికి వీబీ కేబుల్, లేదా అదే సంస్థ ఇచ్చే వాయిస్‌మీటర్. మ్యాక్‌లో ఉన్నవాళ్లకి బ్లాక్‌హోల్ ఉంది, 2, 16, 64 ఛానెళ్ల రకాలు దొరుకుతాయి, సోర్స్ కోడ్ కూడా బయటే ఉంది. లైనక్స్‌లో జాక్, ఇప్పుడైతే పైప్‌వైర్. ఏదైనా సరే రాసినవాళ్ల సొంత పేజీ నుంచే దించుకోండి, ఇంకెక్కడి నుంచీ వద్దు. అసలు బయటి యాప్ ప్రమేయమే లేకుండా ట్రాక్ నుంచి ట్రాక్‌కి పంపడమే మీ పని అయితే ఏ కేబులూ అక్కర్లేదు. రీపర్‌లో సెండ్లు, ఏబుల్‌టన్ లైవ్‌లో ఆడియో ఫ్రమ్, లాజిక్‌లో బస్సులు (ట్రాకుల మధ్య లోపలి దారులు) దానికోసమే ఉన్నాయి.

డబ్బు పెట్టి కొనే డ్రైవర్ ఏదైనా ముందు ట్రయల్ అడగండి. ఎక్కించాక డివైస్ మేనేజర్‌లో డిజిటల్ సైనర్ వరుస చూడండి. సెక్యూర్ బూట్ ఆపమంటే అక్కడితో ఆగిపోండి, ఇంకో మెయిల్ కూడా పెట్టొద్దు.

ఇప్పటికే ఈ బండిల్ ఎక్కించుకున్నవాళ్లు ముందు ఆ డ్రైవర్‌ని డివైస్ మేనేజర్‌లో అన్‌ఇన్‌స్టాల్ చేయండి, డ్రైవర్ ఫైల్ కూడా తీసేయమనే టిక్ పెట్టి మరీ. తర్వాత అడ్మిన్‌గా కమాండ్ ప్రాంప్ట్ తెరిచి బీసీడీఎడిట్ అనే కమాండ్‌తో టెస్ట్ సైనింగ్ (అదే టెస్ట్ మోడ్) ఆఫ్ చేయండి. రీస్టార్ట్ అయ్యాక కుడి మూల అక్షరాలు పోయాయో లేదో చూసుకుని, బయోస్‌లోకి వెళ్లి సెక్యూర్ బూట్ మళ్లీ ఆన్ చేయండి. ఆ పని చేసే ముందే బిట్‌లాకర్ కీ వేరే ఫోన్‌లోనో కాగితం మీదో రాసి పెట్టుకోండి, మళ్లీ అడగొచ్చు. వాళ్లకి రిమోట్ ఇచ్చినవాళ్లు ఆ రిమోట్ యాప్‌ని కూడా తీసేయండి. కార్డుతో కట్టినవాళ్లు ఆ డ్రైవర్ వివరాల కిటికీ స్క్రీన్‌షాట్ జతచేసి బ్యాంకులో చార్జ్‌బ్యాక్ (కట్టిన డబ్బు వెనక్కి ఇప్పించడం) అడగండి. నేను అడిగాను, జవాబు రాగానే కింద రాస్తాను.