లోకల్ స్టేషన్‌లో రైళ్లు చూడ్డానికి 10×25 బైనాక్యులర్స్: ఎనిమిది నెలల వాడకం తర్వాత

ఆఫీసులకు వెళ్లే జనం ఎక్కీ దిగే లోకల్ స్టేషన్‌లో, ప్లాట్‌ఫాం చివర నిలబడి రైళ్లు చూడటం నాకు అలవాటు. రేక్ (కలిసి తిరిగే పెట్టెల వరస) నంబరు దూరం నుంచే చదివేయొచ్చని ఈ జేబు బైనాక్యులర్స్ కొన్నాను. 10×25లో 10 అంటే ఎన్ని రెట్లు పెద్దగా చూపిస్తుందో, 25 అంటే ముందు అద్దం వెడల్పు మిల్లీమీటర్లలో. 8 రెట్ల కన్నా 10 రెట్లు మేలే కదా అనుకున్నాను చూడండి, అక్కడే బోల్తా పడ్డాను.

దాని మీద చిన్న అక్షరాల్లో 6.5 డిగ్రీలు అని ఉంటుంది, అంటే ఒకేసారి ఎంత వెడల్పు కనిపిస్తుందో చెప్పే కోణం, కొనేటప్పుడు నేను పట్టించుకోలేదు. తర్వాత లెక్కేస్తే 100 మీటర్ల దూరంలో ఇందులో కనిపించేది 11 మీటర్ల మేర మాత్రమే. పెట్టె పొడవేమో దాదాపు 20 మీటర్లు. రైలు 60 కి.మీ. వేగంతో వస్తుంటే సెకనుకి 17 మీటర్లు జరిగిపోతుంది, నేను ఫోకస్ చక్రం తిప్పి అంకెలు తేటపడేలోపు ఒక కిటికీ, ఇంకో కిటికీ, తలుపు దగ్గర ఎవరిదో మోచెయ్యి, అంతే, అయిపోయింది. చేతి వణుకు కూడా పదింతలై కనిపిస్తుంది. సాయంత్రమైతే ఇంకా కష్టం. 25ని 10తో భాగిస్తే రెండున్నర, అంటే కంట్లోకి వచ్చే వెలుతురు రెండున్నర మిల్లీమీటర్ల చుక్కంత, కాబట్టి పొద్దువాలితే అన్నీ బూడిద రంగే. 8×42 అయితే ఆ చుక్క 5 మిల్లీమీటర్లు దాటుతుంది, కాకపోతే అది జేబులో పట్టదు.

అసలు లోకల్ రైలు వచ్చి మన ముందే ఆగుతుంది కదా! ఆ అర నిమిషంలో నంబరు ఉత్త కళ్లతో చదువుకోవచ్చు. ఇది తెలుసుకోవడానికి నాకు బైనాక్యులర్స్ కొనాల్సి వచ్చింది.

అన్నీ ఒకే రంగు, రోజూ అవే రైళ్లు, ఏం చూస్తావు అని అడుగుతుంటారు. అవే రైళ్లు కాబట్టే నంబర్లు రాసుకోవడం. మా లైన్లో రేక్ 17 రెండు నెలలు పత్తా లేదు, తర్వాత ఒక పొద్దున వచ్చింది, మూడో పెట్టె మాత్రం వేరే రేక్‌ది, దాని రంగు కాస్త వెలిసిపోయి ఉంది. నాకు ఆ రోజంతా పండగే. 1942లో ఇంగ్లండ్‌లో సదరన్ రైల్వేలో పనిచేసే ఇయాన్ అలన్ ఇంజిన్ నంబర్ల జాబితాను చిన్న పుస్తకంగా అచ్చు వేయించాక ఈ పిచ్చికి బాగా ఊపొచ్చింది. ఇప్పటికీ ఇందులో ముఖ్యమైన పరికరం పెన్నూ పుస్తకమే.

ఆ తర్వాత చెవులు. జపాన్‌లో కేక్యూ అనే కంపెనీ రైళ్లు కొన్ని, మోటార్లకి కరెంటు అందించే సీమెన్స్ ఇన్వర్టర్ పుణ్యమా అని బయల్దేరేటప్పుడు సరిగమలు పాడేవి, 2021తో అవీ ఆగిపోయాయి. చక్రం ఒకచోట అరిగి చదునైతే టక్ టక్ టక్ మంటూ వస్తుంది, అది చూడక ముందే తెలిసిపోతుంది. బైనాక్యులర్స్ కళ్లకి అంటించుకుంటే మనసంతా అందులోనే ఉంటుంది, ఒకసారి నేను అటు చివర సిగ్నల్ చూస్తుంటే ఇటు వైపు ఆగని రైలొకటి దూసుకుపోయింది. పసుపు గీతకి బాగా వెనకే ఉన్నాను, అయినా ఆ గాలికి టోపీ ఎగిరింది, గుండె జారింది. అందుకే ఇప్పుడు గోడకి వీపు ఆనించి గానీ దీన్ని ఎత్తను.

అలాగని ఎందుకూ పనికిరాదని కాదు. రైలు అవుటర్‌లో ఆగినప్పుడు దీనికి తిరుగులేదు. కదలని రైలు, పగటి వెలుతురు, గోడ ఆసరా ఉంటే పాంటోగ్రాఫ్ (పై తీగ నుంచి కరెంటు అందుకునే చట్రం) మీది నల్లటి కార్బన్ పట్టీ కూడా కనిపిస్తుంది, ఒకసారి వాన తుంపరలో అది తీగకి రాసుకుని నీలంగా మెరవడం చూశాను. కళ్లద్దాలున్నవాళ్లు కంటికి ఆనే రబ్బరు కప్పులు మడిచి చూడాలి. నా దానిలో కుడివైపుది ఆరో నెలకే ఊడింది, ఫోకస్ చక్రం కూడా కొంచెం వదులైంది.

అయిదుకి రెండున్నర ఇస్తాను. ఆ అర మార్కు ఎందుకంటే, దీన్ని తిరగేసి, పెద్ద అద్దం వైపు నుంచి చూస్తూ చిన్న అద్దాన్ని కాగితానికి బాగా దగ్గరగా పెడితే మంచి భూతద్దం. వానకి అలుక్కుపోయిన పాత పేజీ ఒకటి అలాగే చూశాను. నేను 11 అనుకున్నది 17లా ఉంది, అంటే కనిపించలేదని నేను బెంగపడిన ఆ రెండు నెలల్లో మధ్యలో ఒకసారి వచ్చే ఉంటుంది.