సౌత్ ఐలాండ్ రోడ్ ట్రిప్‌కి అద్దె క్యాంపర్‌వ్యాన్: ఎక్కడ డబ్బు వసూలైంది, ఎక్కడ కాలేదు

న్యూజిలాండ్ సౌత్ ఐలాండ్‌లో క్యాంపర్‌వ్యాన్ తీసుకోవాలా, మామూలు కారు తీసుకుని మోటళ్లలో దిగాలా అని అడిగేవాళ్లకి నా సమాధానం ఒకటే. సరస్సుల కోసం వెళ్తుంటే వ్యాన్ తీసుకోండి. సముద్రతీరం, ద్రాక్షతోటలు మాత్రమే చూడాలంటే కారు చాలు, డబ్బూ మిగులుతుంది, ప్రాణమూ హాయిగా ఉంటుంది.

మేం మూడూ కలిపి తిరిగాం. క్రైస్ట్‌చర్చ్‌లో బయల్దేరి సముద్రం పక్కనే కైకౌరా, అక్కణ్నుంచి ఉత్తరాన మార్ల్‌బరో ద్రాక్షతోటలు, తర్వాత లోపలికి తిరిగి రొటోయిటి సరస్సు, లూయిస్ పాస్ అనే కొండదారి దాటి దక్షిణానికి టెకాపో, పుకాకి, మౌంట్ కుక్, మళ్లీ క్రైస్ట్‌చర్చ్. అమ్మ, నాన్న, నా భార్య, ఐదేళ్ల పాప, నేను. నవంబరు చివర. ఆరుగురు పడుకునే డీజిల్ వ్యాన్. కంపెనీ పేరు రాయడం లేదు, ఎందుకంటే నేను చెప్పేవాటిలో చాలా వరకు ఏ కంపెనీ దగ్గరైనా మీరు అడిగి తేల్చుకోవాల్సినవే.

ముందు కౌంటర్ సంగతి. వెబ్‌సైట్‌లో కనిపించే రోజు అద్దె అసలు లెక్క కాదు. మామూలు ఇన్సూరెన్స్‌తో తీసుకుంటే ఏదైనా దెబ్బ తగిలినప్పుడు మన జేబులోంచి పోయేది వేల డాలర్లలో ఉంటుంది, అంత మొత్తాన్నీ క్రెడిట్ కార్డు మీద ఆపేస్తారు. అది తగ్గాలంటే రోజుకి ఇంతని అదనం. డీజిల్ బండి కాబట్టి తిరిగిన ప్రతి కిలోమీటరుకీ రోడ్డు పన్ను కూడా ఉంటుంది, ఆ దేశంలో డీజిల్ బండ్లకి పన్ను బంకులో కాకుండా దూరాన్ని బట్టి కట్టాలి. ఇది న్యాయమైనదే, కానీ మాకు బుకింగ్‌లో ఎక్కడో కింద చిన్న అక్షరాల్లో ఉంది, తాళాలు ఇచ్చేటప్పుడు కూడా ఎవరూ నోరు విప్పలేదు, చివర బిల్లులో చూశాం. ఇక్కడ నేను వాళ్లకి మార్కులు వెయ్యను. ఏడేళ్లు నిండేదాకా పిల్లలకి చైల్డ్ సీటు తప్పనిసరి, అది వ్యాన్‌లో అన్ని సీట్లకీ బిగించడానికి కుదరదు, కాబట్టి ముందే చెప్పి పెట్టించుకోండి. మన లైసెన్స్ ఇంగ్లిష్‌లో ఉంటే సరిపోతుంది, డ్రైవింగ్ కూడా మనలాగే ఎడమ పక్కే, ఆ టెన్షన్ లేదు.

కైకౌరా దారి గురించి చెప్పాలంటే, ఒక పక్క కొండ, ఒక పక్క సముద్రం, మధ్యలో రోడ్డూ రైలు పట్టాలూ ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ వెళ్తాయి. 2016 నవంబరు 14న వచ్చిన 7.8 తీవ్రత భూకంపానికి ఈ కొండలు విరిగి రోడ్డు మీదా పట్టాల మీదా పడ్డాయి, సముద్రపు అడుగు కొన్నిచోట్ల పైకి లేచింది, దారి మళ్లీ తెరుచుకునేసరికి 2017 డిసెంబరు. ఒకప్పుడు నీళ్ల కింద ఉన్న రాళ్లు ఇప్పుడు ఒడ్డున ఎండుతూ కనిపిస్తాయి, నాన్న రిటైర్డ్ ఇంజినీరు, ఆయన్ని దారి మళ్లీ తెరవడానికి కట్టిన కట్టడాల దగ్గర్నుంచి కదిలించడం కష్టమైంది. ఓహౌ పాయింట్ దగ్గర రాళ్ల మీద సీల్స్ గుంపులు గుంపులుగా పడుకుని ఉంటాయి, చూడ్డానికి టికెట్ కూడా లేదు. ఒడ్డుకి దగ్గర్లోనే సముద్రం ఒక్కసారిగా వెయ్యి మీటర్లకి పైగా లోతుకి దిగిపోతుంది, అందుకే స్పెర్మ్ తిమింగలాలు ఏడాది పొడుగునా అక్కడ దొరుకుతాయి. పడవ మాత్రం అలల్ని బట్టి బయల్దేరుతుంది. అమ్మకి కడుపులో తిప్పుతుందని అమ్మా నేనూ ఒడ్డునే ఉండిపోయాం, వెళ్లొచ్చినవాళ్లు ఆ రాత్రంతా దాని తోక గురించే మాట్లాడారు.

ఇంత అందమైన దారిలో వ్యాన్ నడిపేవాడికి మిగిలేది స్టీరింగే. పొడవాటి బండి, సముద్రపు గాలి పక్కనుంచి తోస్తూ ఉంటుంది, వెనక నాలుగు కార్లు చేరగానే పక్కకి తీసి దారివ్వాలి. పైగా గాలి ఉన్నప్పుడు తలుపు తీసేటప్పుడు గట్టిగా పట్టుకోమని కంపెనీవాళ్లు పదేపదే చెప్పారు, అది మంచి సలహా, ఇక్కడి గాలికి తలుపు అతుకులు ఊడొచ్చేస్తాయి.

మార్ల్‌బరోలో అయితే వ్యాన్ శుద్ధ దండగ. బ్లెనం, రెన్విక్ ఊళ్ల చుట్టూ చదునైన లోయ, కనుచూపు మేర వరసలు వరసలుగా ద్రాక్ష. 1973లో ఇక్కడ పెద్ద ఎత్తున తీగలు నాటడం మొదలుపెట్టారు, ఇప్పుడు ఆ దేశం వైన్‌లో దాదాపు ముప్పాతిక భాగం ఇక్కడిదే, అందులోనూ ఎక్కువ సావిన్యోన్ బ్లాంక్ అనే తెల్ల వైన్. తోటల మధ్య పొడవాటి స్తంభాల మీద పెద్ద ఫ్యాన్లు ఉంటాయి, వసంతంలో మంచు పడి చిగుళ్లు మాడిపోకుండా గాలిని కలియబెట్టడానికి. రైతు కుటుంబం నుంచి వచ్చినవాణ్ని కాబట్టి నాకు వైన్ కన్నా ఆ ఫ్యాన్ల దగ్గరే ఎక్కువసేపు గడిచింది. డ్రైవర్ తాగకూడదు, అంతే, అక్కడ పోలీసు తనిఖీలు గట్టిగా ఉంటాయి. వ్యాన్‌ని హాలిడే పార్క్‌లో (డబ్బు కట్టి వ్యాన్లు ఆపుకుని ఉండే చోటు) వదిలేసి రెన్విక్‌లో సైకిళ్లు అద్దెకి తీసుకున్నాం, తోటలు ఒకదానికొకటి దగ్గర, ఎత్తుపల్లాలు లేవు, అమ్మానాన్నా పాపా పార్క్‌లో ఉన్నారు. అంటే ఆ రోజంతా వ్యాన్ అద్దె కట్టి సైకిల్ తొక్కాం.

రెన్విక్ నుంచి 63వ నంబరు రోడ్డు పట్టుకుని వైరావు లోయలో పైకి వెళ్తుంటే తోటలు పలచబడి కొండలు దగ్గరవుతాయి, దాదాపు వంద కిలోమీటర్లు వెళ్లాక సెయింట్ ఆర్నో అనే చిన్న ఊరు, దాని కింద రొటోయిటి సరస్సు. ఇక్కడ నా అభిప్రాయం మారింది. కెర్ బే క్యాంప్‌సైట్‌లో బండి ఆపి పక్క తలుపు తీస్తే ఎదురుగా అడవి, నాలుగడుగులు వేస్తే నీళ్లు. నీళ్లలోకి వేసిన చెక్క వంతెన చివర కూర్చుంటే కింద నీళ్లలో చెయ్యంత లావు ఈల్ చేపలు తిరుగుతుంటాయి, పాప అక్కణ్నుంచి లేవనంది. ఏ మోటల్ గదిలో ఉన్నా సాయంత్రం చూసి వెళ్లిపోయేవాళ్లం. చీకటి పడేది తొమ్మిది తర్వాతే కదా, అన్నం తినేసి మళ్లీ వెళ్లి కూర్చున్నాం. సాండ్‌ఫ్లైలు మాత్రం కుట్టి చంపుతాయి, దోమల క్రీము ఊళ్లోనే కొనుక్కోండి.

టెకాపో, పుకాకి గురించి ఫోటోల్లో చూసి రంగు పెంచారేమో అనుకుంటారు. లేదు. హిమానీనదాలు రాతిని అరగదీసిన సన్నటి పొడి నీళ్లలో తేలుతూ వెలుతుర్ని చెదరగొడుతుంది, అందుకే ఆ పాలు కలిసిన నీలం. పుకాకి ఒడ్డున ఆపి లోపలే టీ పెట్టుకుని తాగుతుంటే, సరస్సు అవతలి కొసన 3,724 మీటర్ల ఔరాకి మౌంట్ కుక్ మబ్బు విడి కనిపించింది, నాన్న "ఇంకాసేపు ఉందాంరా" అన్నారు, ఉండిపోయాం. దాని కోసమే వ్యాన్. గది ఖాళీ చెయ్యాలన్న తొందర లేదు, హోటల్ వెతుక్కునే పని లేదు, ముసలివాళ్లకి బాత్రూం బండిలోనే ఉంది. టెకాపో ఒడ్డున అప్పుడే లూపిన్ పూలు విచ్చుకుంటున్నాయి, ఊదా, గులాబీ రంగుల్లో. చూడ్డానికి అద్భుతమే కానీ అక్కడి నదీపాయల్లో గూళ్లు కట్టే పక్షులకి అవి పీడ, బయటి నుంచి వచ్చి పాకిపోయిన మొక్క, గింజలు జేబులో వేసుకుని ఇంకోచోట చల్లకండి. రాత్రి ఆకాశం కోసం ఆ ప్రాంతాన్ని 2012లో అంతర్జాతీయ డార్క్ స్కై రిజర్వ్‌గా, అంటే దీపాల వెలుతురు తగ్గించి రాత్రి చీకటిని కాపాడే చోటుగా గుర్తించారు, మేం వ్యాన్ దీపాలార్పి బయట దుప్పట్లు కప్పుకుని కూర్చున్నాం.

మౌంట్ కుక్ కింద వైట్ హార్స్ హిల్ క్యాంప్‌సైట్‌లో కరెంటు ఉండదు, బండి బ్యాటరీ మీదే హీటర్. అది అర్ధరాత్రి ఆగిపోయింది. పాపని మధ్యలో పెట్టుకుని ఉన్న దుప్పట్లన్నీ కప్పుకున్నాం. పొద్దున ఫోన్ చేస్తే హెల్ప్‌లైన్ అమ్మాయి మర్యాదగా మాట్లాడి ట్వైజెల్‌లో మెకానిక్ దగ్గరికి పంపింది, ఆయన బ్యాటరీ మార్చాడు, మా దగ్గర పైసా తీసుకోలేదు. ఆ రాత్రి అద్దె తగ్గించమంటే మాత్రం ఒప్పుకోలేదు. బండి తీసుకునే రోజే బయటి కరెంటు ప్లగ్ పీకించి, బ్యాటరీ మీద హీటర్ అరగంట నడిపించి చూడండి. సిగ్గుపడొద్దు.

వంట బాగా సాగింది. రెండు పొయ్యిలు, చిన్న ఫ్రిజ్, పప్పు, చారు, పెరుగన్నం ఏ లోటూ లేదు. పోపు పెడితే పొగకి అలారం మోగుతుంది, కాబట్టి హాలిడే పార్క్‌ల్లో ఉమ్మడి వంటగది ఉన్న రోజు పోపులూ వేపుళ్లూ చేసి డబ్బాల్లో పెట్టుకున్నాం. ఇంటి నుంచి తెచ్చే పచ్చళ్లు, పొడులు, స్వీట్లు అన్నీ ఎయిర్‌పోర్టు ఫారంలో రాయండి, రాయకపోతే 400 న్యూజిలాండ్ డాలర్ల జరిమానా అక్కడికక్కడే. మేం రాశాం, ఆవకాయ చూసి వెనక్కిచ్చేశారు. కరివేపాకు, తేనె లాంటివి అసలు తేవద్దు.

మళ్లీ వెళ్తే కైకౌరా, మార్ల్‌బరో కారులో చుట్టి, క్రైస్ట్‌చర్చ్‌లో కారిచ్చేసి, అక్కడ వ్యాన్ తీసుకుని టెకాపో వైపు దిగుతాను, రొటోయిటి కోసం కారు ట్రిప్‌లోనే ఊళ్లో ఒక రాత్రి గది తీసుకుంటాను. డిసెంబరు చివర, జనవరిలో వాళ్లకి స్కూల్ సెలవులు, క్యాంప్‌సైట్లు ముందే నిండిపోతాయి, ఆ రోజుల్లో వెళ్లేవాళ్లు వ్యాన్ కన్నా ముందు సైట్లు బుక్ చేసుకోండి.