మై సోషల్ సెక్యూరిటీ: రిటైర్మెంట్ దాకా ఆగకుండా ఇప్పుడే తెరవాల్సిన ఖాతా

అమెరికాలో ఉన్న మనవాళ్లు 401కే (ఉద్యోగం ద్వారా చేసే రిటైర్మెంట్ పొదుపు) ఎంత పెరిగిందో తరచూ చూసుకుంటారు. జీతంలోంచి ప్రతిసారీ 6.2 శాతం పన్నుగా వెళ్లే సోషల్ సెక్యూరిటీ (ప్రభుత్వ పెన్షన్) సంగతి మాత్రం పట్టించుకోరు. ఆ లెక్కంతా సోషల్ సెక్యూరిటీ అడ్మినిస్ట్రేషన్ (ఎస్ఎస్ఏ) వెబ్‌సైట్‌లోని ‘మై సోషల్ సెక్యూరిటీ’ ఖాతాలో ఉంటుంది. రుసుమేమీ లేదు. తెరవడానికి లాగిన్ డాట్ గవ్ గానీ, ఐడీ డాట్ మీ గానీ, ఏదో ఒక లాగిన్ ఉంటే చాలు.

ముందు చూడాల్సింది ఎర్నింగ్స్ రికార్డ్. ఏ ఏడాది ఎంత జీతం మీద పన్ను పడిందో వరసగా కనిపిస్తుంది. నేను హెచ్1బీ వీసా మీద వచ్చిన కొత్తలో పనిచేసిన ఒక కన్సల్టెన్సీ జీతం అందులో లేనే లేదు. ఆనాటి డబ్ల్యూ2 (యజమాని ఇచ్చే ఏడాది జీతం, పన్నుల పత్రం) మా ఆవిడ దాచి ఉంచింది కాబట్టి, దాని కాపీ జతచేసి ఎస్ఎస్ఏ-7008 ఫారం పంపాను. సరిచేశారు. మామూలుగా దిద్దుబాటుకు గడువు 3 ఏళ్ల 3 నెలల 15 రోజులు. యజమాని అసలు చూపించని జీతానికి మినహాయింపు ఉంది. పెన్షన్ లెక్కకు ఎక్కువ సంపాదించిన 35 ఏళ్లు తీసుకుంటారు, అన్నేళ్లు లేకపోతే సున్నాలు వేస్తారు. ముప్పై దాటాక ఇక్కడికి వచ్చిన మనలాంటివాళ్లకు ఒక్క ఏడాది పోయినా నష్టమే. రెండు దేశాల సర్వీసును కలిపి లెక్కించే టోటలైజేషన్ ఒప్పందం ఇండియాతో లేదు, అక్కడి సర్వీసు కలవదు. ఎఫ్1 స్టూడెంట్ వీసా మీద ఓపీటీలో (చదువయ్యాక చేసే తాత్కాలిక ఉద్యోగంలో) ఉన్నప్పటి సున్నాలు చూసి మాత్రం టెన్షన్ పడకండి. అప్పుడు సాధారణంగా ఈ పన్ను ఉండదు.

నాకు బాగా నచ్చింది అంచనా వేసే పేజీ. 1960లో, ఆ తర్వాత పుట్టినవాళ్లకు పూర్తి పెన్షన్ వచ్చే వయసు 67. అప్పుడు 100 డాలర్లు వచ్చేచోట, 62 ఏళ్లకే మొదలుపెడితే 70 డాలర్లు, 70 ఏళ్ల దాకా ఆగితే 124 డాలర్లు వస్తాయి. ఇందులో ఒకటి గమనించాలి: మీరు అప్పటిదాకా ఇదే జీతంతో పనిచేస్తారనుకుని ఆ అంకె చూపిస్తుంది. 60కే మానేసే ఆలోచన ఉంటే భవిష్యత్తు జీతం దగ్గర సున్నా వేసి చూడండి, అసలు బొమ్మ కనబడుతుంది.

మా బావమరిది కిడ్నీ జబ్బుతో ఉద్యోగం మానేసినప్పుడు సోషల్ సెక్యూరిటీ డిసెబిలిటీకి (జబ్బుతో పనిచేయలేనివాళ్లకిచ్చే సొమ్ముకు) ఇంట్లోంచే ఆన్‌లైన్‌లో దరఖాస్తు పెట్టాడు. డాక్టర్లు, మందులు, పరీక్షలు, వీటి వివరాలన్నీ దరఖాస్తు అడుగుతుంది. నీరసంగా ఉన్న మనిషి ఒక్క దఫాలో పూర్తిచేయలేడు. సగంలో సేవ్ చేసి తర్వాత కొనసాగించే వీలుండటం ఎంత మేలో అప్పుడు తెలిసింది. దరఖాస్తు ఎక్కడిదాకా వచ్చిందో ఖాతాలోనే చూసుకున్నాడు. తిరస్కరిస్తే 60 రోజుల్లో అప్పీల్ కూడా ఆన్‌లైన్‌లోనే చేయొచ్చు. మంజూరైనా మొదటి అయిదు నెలలకు సాధారణంగా డబ్బు రాదు, ఇల్లు గడిచే దారి ముందే చూసుకోవాలి.

భార్యాభర్తలు ఎవరి ఖాతా వాళ్లే తెరవాలి. మీరు ఒప్పుకున్నా సరే, మీ పేరుతో పిల్లలు తెరవకూడదు. పక్కన కూర్చుని ఎక్కడ నొక్కాలో చెప్పొచ్చు.