పాత ర్యాలీ కారుకు ఏది మేలు: డైనమోనా ఆల్టర్నేటరా, బెల్టు ఫ్యానా కరెంటు ఫ్యానా?

పాత ర్యాలీ కారును మళ్లీ పోటీకి సిద్ధం చేసేవాళ్లు సాధారణంగా వైరింగ్‌ను ఒకరికి, రేడియేటర్‌ను మరొకరికి అప్పగిస్తారు. ఎవరి పని వాళ్లు బాగానే చేస్తారు. అయినా మొదటి రాత్రే, స్టేజీ (టైమ్ లెక్కపెట్టే పోటీ భాగం) ముందు క్యూలో నిలబడగానే, కారు ఇబ్బంది పెట్టడం మొదలుపెడుతుంది. ఎందుకంటే ఇవి రెండు వేరు పనులు కావు. గ్రిల్ ముందు బిగించిన నాలుగు పెద్ద లైట్లు రేడియేటర్‌కు వెళ్లే గాలికి అడ్డుపడతాయి. ఆ లోటు తీర్చడానికి పెట్టిన కరెంటు ఫ్యాను ఆ లైట్ల కరెంటులోనే వాటాకు వస్తుంది. అందుకే విడిభాగాల కేటలాగు తెరిచే ముందు కాగితం తీసుకుని ఆంపియర్ల లెక్క రాయండి. ఏది మేలో సగం అక్కడే తేలిపోతుంది.

ముందు స్టేజీలో ఉన్నప్పటి లెక్క. 60 వాట్ల హెడ్‌లైట్లు రెండు, 100 వాట్ల అదనపు లైట్లు నాలుగు అనుకుందాం. మొత్తం 520 వాట్లు, అంటే 13.5 వోల్టుల దగ్గర 38 ఆంపియర్ల పైమాటే. ఇగ్నిషన్‌కు నాలుగు, వైపర్లకు నాలుగు, అద్దం మీద ఆవిరి పోగొట్టే బ్లోయర్‌కు ఐదు, పెట్రోలు పంపు, మీటర్లు, నావిగేటర్ దీపం అన్నీ కలిపి మరో ఐదు. మొత్తం 55 దాటుతుంది. అంకె పెద్దదే, కానీ అప్పుడు ఇంజను జోరుగా తిరుగుతూ ఉంటుంది కాబట్టి భయం లేదు.

అసలు కష్టం టైమ్ కంట్రోల్ (కార్లు ఆగి టైమ్ నమోదు చేయించుకునే చోటు) దగ్గర. అదనపు లైట్లు ఆర్పేశారు, డిప్ లైట్లు తొమ్మిది ఆంపియర్లు తింటున్నాయి. స్టేజీలో పోగైన వేడి వల్ల ఫ్యాను తిరుగుతోంది, దానికి పదిహేను. మిగతావన్నీ మామూలే. కలిపితే 40కి అటూఇటూ. ఇంజను మాత్రం 900 ఆర్పీఎం దగ్గర నెమ్మదిగా తిరుగుతోంది. నా దృష్టిలో మొత్తం ప్రాజెక్టుకు కీలకమైన అంకె ఈ నలభయ్యే. స్టేజీలోని యాభై అయిదు కాదు.

డైనమో, ఆల్టర్నేటర్ రెండూ ఇంజను బెల్టుతో తిరిగి కరెంటు పుట్టించేవే, డైనమో పాత రకం. ఈ అంకె ముందు పెడితే డైనమో నిలబడదు. ఒకప్పటి బ్రిటిష్ కార్లలో ఎక్కువగా కనిపించే లూకాస్ సీ40 డైనమో గరిష్ఠంగా ఇచ్చేది 22 ఆంపియర్లు. అది కూడా వేగం అందుకున్నాకే. ఐడిల్‌లో, అంటే కారు ఆగి ఇంజను నెమ్మదిగా తిరిగేటప్పుడు, దాదాపు ఏమీ ఇవ్వదు, లోడంతా బ్యాటరీ మీదే పడుతుంది. క్యూలో ఇరవై నిమిషాలు నిలబడితే, తర్వాతి స్టేజీలో బ్యాటరీని నింపడానికే డైనమో చాలదు, ఇక లైట్లకు ఏం మిగులుతుంది? పగటి పూట సరదాగా నడిపే కారుకు, రాత్రి స్టేజీలు లేని రెగ్యులారిటీ పోటీకి (చెప్పిన సగటు వేగం తప్పకుండా నడిపేది) డైనమో సరిపోతుంది. దానిలో ఒక గుణం నాకిప్పటికీ ఇష్టం: పాడైతే విప్పి చూడొచ్చు. బ్రష్షులు మార్చొచ్చు, కమ్యుటేటర్ తుడవొచ్చు. ఆల్టర్నేటర్‌లో డయోడ్లు పోతే దారి పక్కన చేయగలిగింది దాన్ని మార్చడమే.

అయినా రాత్రి నడిపే కారుకు నా ఓటు ఆల్టర్నేటర్‌కే, రెండో ఆలోచన లేదు. కాకపోతే ఏ ఆల్టర్నేటర్ అన్నది చూసుకోవాలి. 1970ల కార్లలో వచ్చిన లూకాస్ 17ఏసీఆర్ 36 ఆంపియర్లది. డైనమో కంటే ఎంతో నయం, కానీ మన లెక్కకు చాలదు. లేబుల్ మీద ఉండే అంకె వేగంగా తిరిగినప్పటిది, ఐడిల్‌లో అందులో సగం వచ్చినా సంతోషించాలి. కాబట్టి 70 ఆంపియర్ల తరగతిది తీసుకుని, అమ్మేవాళ్లను తక్కువ వేగంలో ఎంత ఇస్తుందని అడగండి. ఆ వివరం చెప్పలేని చోట కొనకండి. పూర్తి లోడులో అది ఇంజను నుంచి రెండు హార్స్‌పవర్ పైగా లాగుతుంది కాబట్టి బెల్టు నాణ్యత, పుల్లీని అది ఎంత మేర చుట్టుకుంటుంది అన్నవీ ముఖ్యమే.

మధ్యేమార్గం ఒకటుంది: డైనమేటర్. బయటికి డైనమోలా కనిపిస్తుంది, లోపల ఉండేది ఆల్టర్నేటర్. బానెట్ తెరిచినప్పుడు పాతకాలపు రూపం చెడకూడదనుకునేవాళ్లకు ఇది మంచి దారే. ధర ఎక్కువ, శక్తిలో పెద్ద ఆల్టర్నేటర్‌తో సాటి రాదు. రెండు అదనపు లైట్లతో సరిపెట్టుకునే కారుకు బాగా నప్పుతుంది.

డైనమో తీసి ఆల్టర్నేటర్ పెట్టడమంటే బోల్టులు మార్చినంత తేలిక కాదు. 1960ల బ్రిటిష్ కార్లలో చాలావాటికి పాజిటివ్ ఎర్తు, అంటే బ్యాటరీ పాజిటివ్ కొస బాడీకి కలిపి ఉంటుంది. ముందు దాన్ని నెగెటివ్‌కు మార్చుకోవాలి. కాయిల్ తీగలు, ఆమ్మీటర్ తీగలు అటుదిటు చేయాలి. పర్మనెంట్ మాగ్నెట్ మోటార్లుంటే వాటి తీగలూ తిరగేయాలి, లేకపోతే ఫ్యాను వెనక్కి తిరుగుతుంది. డైనమోతో వచ్చిన రెగ్యులేటర్ పెట్టెకు ఇక పని లేదు. 30 ఆంపియర్ల ఆమ్మీటర్ గుండా 60 ఆంపియర్లు పోనివ్వకూడదు. దాన్ని తప్పించి వోల్ట్‌మీటర్ పెట్టండి, రాత్రి ప్రయాణంలో అదే ఎక్కువ విషయం చెబుతుంది. పాత లూమ్‌లోని (కారు తీగల కట్ట) చార్జింగ్ తీగ కూడా ఈ లోడుకు సన్నం. 8.5 చదరపు మిల్లీమీటర్ల కేబుల్ 60 ఆంపియర్లదాకా మోస్తుంది. 70 ఆంపియర్ల ఆల్టర్నేటర్‌కు అంతకన్నా ఒక సైజు లావుది తీసుకుని, స్టార్టర్ సోలినాయిడ్‌దాకా విడిగా లాగండి.

ప్రమాదంలో కరెంటంతా ఆపే మెయిన్ స్విచ్ విషయంలో మాత్రం రాజీ వద్దు. ఇంజను నడుస్తుండగా బ్యాటరీని ఒక్కసారిగా తెంచేస్తే ఆల్టర్నేటర్ వోల్టేజి ఎగసి డయోడ్లను కాల్చేస్తుంది. పైగా ఆల్టర్నేటర్ తన కరెంటుతోనే ఇంజనును నడుపుతూ పోవచ్చు, అంటే ప్రమాదంలో స్విచ్ కొట్టినా ఇంజను ఆగదు. దీనికోసమే అదనపు కాంటాక్టులు, రెసిస్టరు ఉన్న స్విచ్‌లు దొరుకుతాయి. రెండు కాంటాక్టుల చవక స్విచ్ ఈ కారుకు పనికిరాదు.

ఇక తీగల సంగతి. పాత లూమ్‌కే అతుకులు వేసుకుంటూ పోవడమా, కొత్తది వేయించడమా? లూమ్ ఆరోగ్యంగా ఉంటే నేను మూడో దారి పడతాను. అసలు లూమ్‌ను దాని పాత పనులకే వదిలేసి, లైట్లకూ ఫ్యానుకూ విడిగా రిలేలు, ఫ్యూజులతో కొత్త లూమ్ వేయడం. అప్పుడు డాష్‌బోర్డు స్విచ్ రిలేను మాత్రమే లేపుతుంది, పెద్ద కరెంటు దాని గుండా పోదు. లాభం కంటికి కనిపిస్తుంది. హాలోజెన్ బల్బుకు వోల్టేజి పది శాతం తగ్గితే వెలుగు దాదాపు ముప్పై శాతం పడిపోతుంది. ఎక్కువ వాట్ల బల్బులు కొనేముందు ఉన్న బల్బు దగ్గర వోల్టేజి కొలవండి. చాలా కార్లలో వెలుగు పోయేది స్విచ్‌లోనూ సన్నటి తీగల్లోనూ.

జాయింట్లకు టంకమా, క్రింపింగా (తీగను టెర్మినల్‌లో నొక్కి బిగించడం)? నిలకడగా ఉండే చోట టంకం చక్కటి పని. ఎగిరిపడే కారులో మాత్రం టంకం తీగ లోపలికి పాకి దాన్ని బిరుసెక్కిస్తుంది, ఆ బిరుసు ఆగిన చోట తీగ విరుగుతుంది. మంచి పనిముట్టుతో చేసిన క్రింపింగే మేలు. ఫ్యూజుల్లో పాత గాజు రకం ఉంచుకుంటే ఒకటి గుర్తుపెట్టుకోండి. లూకాస్ 35 ఆంపియర్ల ఫ్యూజ్ అంటే 35 దగ్గర కాలిపోయేదని అర్థం, నిరంతరం మోసేది 17 మాత్రమే. బ్లేడ్ ఫ్యూజుల లెక్క వేరు కాబట్టి అంకె చూసి మార్చేస్తే తీగకు రక్షణ ఉండదు. ఇంజనుకూ బాడీకీ మధ్య లావుపాటి ఎర్తు పట్టీ తప్పనిసరి. అది తెగితే స్టార్టర్ కరెంటు యాక్సిలరేటర్ కేబుల్ గుండానో చోక్ కేబుల్ గుండానో దారి వెతుక్కుని వాటిని ఎర్రగా కాల్చేస్తుంది.

లైట్ల గురించి మాట్లాడుతూ నిబంధనలు మర్చిపోకూడదు. 1966 మాంటే కార్లో ర్యాలీలో మాకినెన్, ఆల్టొనెన్, హాప్‌కిర్క్ నడిపిన మినీ కూపర్ ఎస్‌లు మొదటి మూడు స్థానాల్లో వచ్చాయి. హెడ్‌లైట్లలో ఒకే ఫిలమెంటున్న అయోడిన్ బల్బులు వాడారని, డిప్ ఏర్పాటు నిబంధనలకు సరిపోలేదని మూడింటినీ పోటీ నుంచి తొలగించారు. గెలుపు సిట్రోయెన్ నడిపిన పౌలీ టొయివోనెన్‌కు దక్కింది. ఎల్‌ఈడీ బల్బులు వేస్తే మన ఆంపియర్ల లెక్క సగానికి పడిపోతుందన్నది నిజమే. కానీ హాలోజెన్ కోసం చేసిన రిఫ్లెక్టర్‌లో అవి వెలుగును చెదరగొడతాయి. ఎల్‌ఈడీనైనా, ఆల్టర్నేటర్‌నైనా మీ పోటీ ఒప్పుకుంటుందో లేదో ముందే రాతపూర్వకంగా తెలుసుకోండి.

ఇప్పుడు చల్లదనం. ఇక్కడ మొదటి ప్రశ్న రేడియేటర్ రాగిదా అల్యూమినియమ్‌దా అని అందరూ అనుకుంటారు. నేను ముందు గాలి దారి చూడమంటాను. గ్రిల్ గుండా వచ్చిన గాలి రేడియేటర్ పక్కల నుంచి, పైనుంచి తప్పించుకుంటూ ఉంటే ఎంత ఖరీదైన రేడియేటర్ పెట్టినా వృథానే. చుట్టూ పలుచని రేకుతోనో నురుగు పట్టీతోనో సందులు మూయండి. సంప్ గార్డు (ఇంజను అడుగున ఉండే రక్షణ పలక) బిగించాక వేడిగాలి కిందికి పోయే దారి తగ్గిపోతుంది, అది ఎటు పోతుందో ఆలోచించండి. లైట్లను గ్రిల్ మధ్య నుంచి కాస్త పక్కకు, కిందికి జరిపినా తేడా తెలుస్తుంది. ఖర్చు లేని పని, ఫలితం మాత్రం ఎక్కువ.

రాగి కంటే అల్యూమినియం వేడిని తక్కువగా ప్రసరింపజేస్తుంది. అయినా అల్యూమినియం రేడియేటర్లు బాగా పనిచేస్తాయి. వెడల్పైన గొట్టాలు పెట్టుకునే వీలుంది, బరువు తక్కువ. సర్క్యూట్ మీద పరుగుకు అదే మేలు. దూరపు ర్యాలీకి మాత్రం నేను పాత రాగి, ఇత్తడి రేడియేటర్‌కే కొత్త, దట్టమైన కోర్ వేయిస్తాను. రాయి తగిలి కారితే టంకం పెట్టగల మనిషి ఎక్కడైనా దొరుకుతాడు, అల్యూమినియానికి వెల్డింగ్ చేసేవాళ్లు దొరకడం కష్టం. దూరపు ర్యాలీకి జోరైనదాని కంటే మామూలుదే మేలన్న ఆలోచన కొత్తదేం కాదు. 1970 లండన్–మెక్సికో వరల్డ్ కప్ ర్యాలీకి ఫోర్డ్ జట్టు ఎస్కార్ట్‌లలో జోరైన ట్విన్ క్యామ్ ఇంజను పక్కనబెట్టి, మామూలు పుష్‌రాడ్ ఇంజనును పెంచి వాడింది. హన్ను మికోలా, గున్నార్ పామ్ ఆ కారుతోనే గెలిచారు.

ప్రెషర్ క్యాప్ (లోపలి ఒత్తిడిని నిలిపి ఉంచే రేడియేటర్ మూత) చిన్న వస్తువే, కానీ ప్రభావం పెద్దది. 7 పీఎస్‌ఐ క్యాప్‌తో నీళ్లు 110 డిగ్రీలు దాటాక మరుగుతాయి, 13 పీఎస్‌ఐతో 119 దగ్గర. అయితే పాత హీటర్ కోర్, పాత హోసులు ఆ ఒత్తిడి తట్టుకుంటాయో లేదో పరీక్షించాకే మార్చండి. థర్మోస్టాట్ తీసేస్తే చల్లబడుతుందన్న నమ్మకం చాలామందికి ఉంది. బైపాస్ (రేడియేటర్‌కు పోకుండా నీళ్లు తిరిగే పక్కదారి) ఉన్న ఇంజన్లలో అలా తీస్తే నీళ్లు రేడియేటర్‌ను తప్పించుకుని తిరిగే ప్రమాదముంది. ఉంచండి.

ఫ్యాను దగ్గరికొస్తే, బెల్టు ఫ్యాను లోపం ఒక్క మాటలో చెప్పొచ్చు. అవసరమైనప్పుడు, అంటే ఐడిల్‌లో, బలహీనంగా తిరుగుతుంది. అక్కరలేనప్పుడు జోరుగా తిరుగుతూ శక్తి తింటుంది, ఆ తినడం వేగం ఘనంతో పెరుగుతుంది. కరెంటు ఫ్యాను దీనికి సరిగ్గా ఉల్టా. కారు గంటకు అరవై కిలోమీటర్ల వేగం అందుకున్నాక ఎదురుగాలే చాలు, ఫ్యాను ఆగిపోతుంది. రాత్రి ర్యాలీకి కరెంటు ఫ్యానే మేలు, కానీ పైన చెప్పిన ఆల్టర్నేటర్ వచ్చాకే. డైనమో ఉన్న కారుకు బెల్టు ఫ్యానే ఉంచండి. కరెంటు ఫ్యానును రేడియేటర్ వెనక నుంచి గాలి లాగేలా, చుట్టూ కవచంతో పెట్టండి. ముందు నుంచి తోసే రకం తానే గాలికి అడ్డు. థర్మోస్టాట్ స్విచ్‌తో పాటు నావిగేటర్ చేతికందేలా మాన్యువల్ స్విచ్ కూడా ఉండాలి. దారిలో నీళ్లు దాటే ముందు ఫ్యాను ఆపాలి, లేకపోతే నీటి తాకిడికి రెక్కలు వంగి రేడియేటర్‌ను గీరతాయి.

కరెంటు నీటి పంపు గురించి అడుగుతుంటారు. ఇంజను ఆగినా నీళ్లు తిప్పడం దాని మేలు. కానీ ఒక్క ఫ్యూజు పోతే ఇంజనే పోతుంది. బెల్టు పంపు మంచి స్థితిలో ఉంటే దాన్ని కదిలించను.

ఇగ్నిషన్‌లో ఎలక్ట్రానిక్ మాడ్యూల్ పెట్టుకోండి, స్టార్టింగ్ బాగుపడుతుంది. పాయింట్లు (స్పార్కు కోసం కాయిల్ కరెంటును తెంచే కాంటాక్టులు), కండెన్సర్ బిగించి సిద్ధం చేసిన పాత డిస్ట్రిబ్యూటర్ డిక్కీలో ఉండాలి. మాడ్యూల్ హెచ్చరిక లేకుండా పోతుంది, పాయింట్లను గరుకు కాగితంతో రుద్ది మళ్లీ నడిపించొచ్చు.

అన్నీ అయ్యాక, ర్యాలీకి ముందే ఒక రాత్రి కారును నిలబెట్టి ఐడిల్‌లో ఉంచండి. డిప్ లైట్లు, ఫ్యాను, వైపర్లు, బ్లోయర్ అన్నీ వేయండి. అరగంట తర్వాత బ్యాటరీ దగ్గరా, లైటు టెర్మినల్ దగ్గరా వోల్టేజి కొలవండి. బ్యాటరీ దగ్గర 13 కంటే తగ్గుతూ పోతుంటే ఆల్టర్నేటర్ పుల్లీ మార్చాలి, లేదా ఐడిల్ వంద ఆర్పీఎం పెంచాలి. బ్యాటరీకీ లైటుకూ మధ్య అర వోల్టు కంటే ఎక్కువ తేడా ఉంటే ఒక జాయింటో, ఎర్తో ఇంకా సరిగా లేనట్టే.