సిర్రోసిస్ ఉన్నవారికి మధుమేహం మందులు: ఏళ్ల తరబడి వాడిన తర్వాత నా సమీక్ష

నాకు టైప్-2 మధుమేహంతోపాటు, కొవ్వు కాలేయం ముదిరి ఏర్పడిన సిర్రోసిస్ కూడా ఉంది. కాలేయం మచ్చలు కట్టినా తన పనిని ఇంకా నెట్టుకొస్తోంది. కడుపులో నీరు చేరలేదు, కామెర్లు లేవు, కాలేయ పనితీరును ‘ఏ’ (మెరుగు) నుంచి ‘సి’ (బాగా దెబ్బతిన్నది) వరకు విభజించే చైల్డ్-ప్యూ లెక్కలో నాది ‘ఏ’ తరగతి. ఇక్కడ చెప్పే మంచిచెడ్డలు ఆ దశకే వర్తిస్తాయి. నాకు సరిపడిన మందే ‘సి’ తరగతిలో ఉన్నవారికి ప్రమాదం తెచ్చిపెట్టవచ్చు కనుక, ఎవరైనా మందు పేరు అడిగితే ముందుగా వారి కాలేయం ఏ దశలో ఉందో అడుగుతాను.

అన్నిటికంటే ఎక్కువ కాలంగా వాడుతున్నది మెట్‌ఫార్మిన్. లివర్ బాగాలేదని తెలియగానే దీన్ని మానేయమని సలహా ఇచ్చేవారికి కొదవ ఉండదు. నిజానికి ఈ మందును కాలేయం విచ్ఛిన్నం చేయదు. అది మార్పు చెందకుండానే మూత్రపిండాల ద్వారా బయటికి పోతుంది. భయపడవలసిన కారణం వేరే ఉంది. రక్తంలోని లాక్టిక్ ఆమ్లాన్ని తొలగించే పనిలో కాలేయానిది పెద్ద వాటా కాబట్టి, కాలేయం పూర్తిగా చేతులెత్తేసినప్పుడు, మద్యం అలవాటు ఉన్నప్పుడు, మూత్రపిండాలు మందగించినప్పుడు ఆ ఆమ్లం పేరుకుపోయే ముప్పు ఉంటుంది. మూత్రపిండాల వడపోత శక్తిని చెప్పే ఈజీఎఫ్‌ఆర్ 30 కంటే తగ్గితే దీన్ని అసలు వాడకూడదు. ఈ మూడూ లేనందువల్ల మా డాక్టరుగారు నాకు దీన్ని కొనసాగించారు. మామూలు మాత్రతో వచ్చిన కడుపు ఉబ్బరం, విరేచనాలు నెమ్మదిగా విడుదలయ్యే రకానికి మారాక చాలావరకు సర్దుకున్నాయి. దీర్ఘకాల వాడకంతో బి12 విటమిన్ తగ్గుతుందన్న మాట నా విషయంలో నిజమైంది. ఇప్పుడు దానికి విడిగా మాత్ర వేసుకుంటున్నాను.

నాకు అసలు పడనిది గ్లిమెపిరైడ్. చక్కెరను దించడంలో దాని శక్తిని శంకించనక్కరలేదు; ఇబ్బందంతా అక్కడే వచ్చింది. భోజనానికీ భోజనానికీ మధ్య, ముఖ్యంగా రాత్రిపూట, ఆరోగ్యవంతమైన కాలేయం తాను దాచుకున్న గ్లైకోజెన్‌ను కరిగించి, అది చాలకపోతే కొత్తగా గ్లూకోజు తయారుచేసి రక్తంలోకి వదులుతుంది. సిర్రోసిస్‌లో ఆ నిల్వా తగ్గుతుంది, తయారీ కూడా తగ్గుతుంది. పైగా గ్లిమెపిరైడ్‌ను విరిచివేయవలసినది కూడా ఆ కాలేయమే. తెల్లవారుజామున చెమటలు, వణుకు, మాట తడబాటు నాకు తరచుగా వచ్చేవి. వీటిలో మాట తడబాటును తేలిగ్గా తీసుకోకూడదు. కాలేయం దెబ్బతిన్నవారిలో మెదడు మందగించే ఎన్‌కెఫలోపతి కూడా ఇలాగే మొదలవుతుంది కాబట్టి, మీటరుతో చక్కెర చూడకుండా ఇంట్లోవారు ఏదీ తేల్చుకోలేరు. డాక్టరుగారు ఆ మందును ఆపించారు; నాలాంటివారికి నేను దీన్ని సిఫారసు చేయను.

దాని స్థానంలో ముందు విల్డాగ్లిప్టిన్ వచ్చింది. దీన్ని మొదలుపెట్టే ముందు, ఆ తర్వాత తొలి ఏడాది మూడు నెలలకోసారి కాలేయ పరీక్షలు చేయించాలి. ఎంజైములు సాధారణ గరిష్ఠ పరిమితికి మూడు రెట్లు దాటితే వాడకూడదు. వాటిలో ఒకటైన ఏఎల్‌టీ నాకు ఒకచోట నిలిచేది కాదు కనుక లినాగ్లిప్టిన్ 5 మిల్లీగ్రాములకు మార్చారు. ఇది ఎక్కువగా పిత్తం, పేగుల దారిన పోతుంది. కాలేయం కోసం గానీ మూత్రపిండాల కోసం గానీ మోతాదు మార్చనక్కరలేదు. ఒంటరిగా వాడితే దీని ప్రభావం స్వల్పమే. అయినా రాత్రిళ్లు భయం లేకుండా నిద్రపోతున్నాను, బరువు పెరగలేదు. నాకు అంతకంటే ఎక్కువ అవసరం లేదు.

చక్కెరను మూత్రంలో బయటికి పంపే ఎంపాగ్లిఫ్లోజిన్‌తో బరువు కొంత తగ్గింది. మర్మాంగాల వద్ద ఫంగస్ మాత్రం తిరగబెడుతూనే ఉంది; చాలామంది సిగ్గుపడి ఈ సంగతి చెప్పరు. వాంతులై తిండి మానిన రోజున కీటోఅసిడోసిస్ (రక్తంలో కీటోన్ ఆమ్లాలు పేరుకుపోవడం) భయంతో దీన్ని ఆపుతాను. నీరు పోయే మాత్రలు వాడేవారికి శరీరం ఎండిపోయే ప్రమాదం ఎక్కువ. పియోగ్లిటాజోన్‌కు కొవ్వు కాలేయపు వాపును తగ్గించే గుణం ఉందని తెలిసినా, కాళ్ల వాపులు, గుండె వైఫల్యం, ఎముకల పగుళ్ల భయంతో నేను దాని జోలికి పోలేదు.

ఏ మందుకైనా మార్కులు వేసే ముందు హెచ్‌బీఏ1సీని (ఎర్రరక్తకణాలకు అంటుకున్న చక్కెరను బట్టి రెండు మూడు నెలల సగటు చెప్పే పరీక్షను) నమ్మవచ్చో లేదో చూసుకోవాలి. సిర్రోసిస్ వల్ల ప్లీహం పెద్దదైతే ఎర్రరక్తకణాలు ఆయుష్షు తీరకముందే నశిస్తాయి. చక్కెర అంటుకునే వ్యవధి తగ్గి, అంకె ఉన్నదానికంటే తక్కువగా కనిపిస్తుంది. నా నివేదిక భేషుగ్గా ఉన్న రోజుల్లో కూడా మీటరు ఎక్కువే చూపేది. అందుకే పైన రాసిన అభిప్రాయాలన్నీ మీటరు అంకెల మీదే ఆధారపడ్డాయి. ఏఎల్‌టీ మామూలుగా ఉందని కాలేయం బాగుందనుకోవడానికి కూడా వీల్లేదు. ముదిరిన సిర్రోసిస్‌లోనూ అది మామూలుగా ఉండవచ్చు. మేము ప్లేట్‌లెట్లు, అల్బుమిన్ (కాలేయం తయారుచేసే ప్రోటీన్), ఫైబ్రోస్కాన్ (కాలేయం ఎంత గట్టిపడిందో కొలిచే పరీక్ష) చూసుకుంటాము.

కడుపులో నీరు చేరినా, ఎన్‌కెఫలోపతి మొదలైనా మెట్‌ఫార్మిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ ఆపి ఇన్సులిన్‌కు మారాలని డాక్టరుగారూ నేనూ ముందే అనుకున్నాము. ఇన్సులిన్‌ను తొలగించేదీ ముఖ్యంగా కాలేయమే కాబట్టి, మోతాదును తక్కువతో మొదలుపెట్టి మీటరు చూసుకుంటూ పెంచాలని ఆయన చెప్పారు.