స్టాఫ్‌తో లింక్డ్‌ఇన్ పోస్టులు పెట్టించాలంటే ఏది మేలు: షేర్ కొట్టండి అనడమా, గిఫ్ట్ కార్డులా, వాళ్ల సొంత మాటలా?

మాది జీడిమెట్లలో మెకానికల్ సీల్స్ (మెషిన్లో తిరిగే షాఫ్ట్ దగ్గర లీకు కాకుండా ఆపేవి) చేసే చిన్న కంపెనీ, కొనేదంతా ఫార్మా ప్లాంట్లే. పాశమైలారం, జడ్చర్ల, పరవాడ వైపు మెయింటెనెన్స్ వాళ్లూ పర్చేజ్ వాళ్లూ అన్నమాట. ఇన్‌స్టాలో మా రీల్ వైరల్ అయినా మాకు ఒరిగేదేం లేదు, చూడాల్సింది ఓ రెండొందల మంది, వాళ్లు దొరికేది లింక్డ్‌ఇన్‌లో. మూడు పద్ధతులూ చేసి చూశాం కాబట్టి రాస్తున్నా.

మొదటిది అందరికీ తెలిసిందే. సోమవారం పొద్దున్నే వాట్సాప్ గ్రూపులో లింకు పడుతుంది, "అందరూ తప్పకుండా లైక్, కామెంట్, షేర్ చేయగలరు" అని. పది నిమిషాల్లో పదిహేను మంది "కంగ్రాట్స్ టీమ్" అని కొట్టేసి పనిలో పడిపోతారు. కస్టమర్ ఫీడ్‌లో అదే పోస్టరు నాలుగుసార్లు కనిపిస్తే వాడేం చేస్తాడు, పైకి తోసేస్తాడు. అలాగని పూర్తిగా దండగ అనను, ఐఎస్ఓ సర్టిఫికెట్ వచ్చిందనో ఎగ్జిబిషన్లో మా స్టాల్ నంబర్ ఇదనో చెప్పడానికి ఇది చాలు, తప్పు సమాచారం పోయే భయం కూడా ఉండదు. ఈ పద్ధతి కొత్తదేం కాదు, లింక్డ్‌ఇన్ వాళ్లే 2015లో ఎలివేట్ అని ఉద్యోగులతో షేర్ చేయించడానికే విడిగా ఒకటి తెచ్చి, 2020లో దాన్ని ఎత్తేసి ఆ ఫీచర్లు కంపెనీ పేజీల్లోనే కలిపేశారు.

రెండోది బహుమతులు. ఎక్కువ పోస్టులు పెట్టినోళ్లకి నెలకో గిఫ్ట్ కార్డు అన్నాం. గెలిచింది ఎవరనుకున్నారు, అకౌంట్స్ కుర్రాడు, రోజూ ఒక గుడ్ మార్నింగ్ కొటేషన్ పెట్టి! నెలలో ఇరవై రోజులు సైట్లో ఉండే సర్వీస్ ఇంజినీర్‌కి సున్నా. రెండు నెలల్లో ఆపేశాం. పైగా బహుమతి తీసుకుని సరుకుని పొగిడితే ఆ సంగతి చెప్పాలని యాస్కీ (యాడ్స్ మీద కన్నేసి ఉంచే సంస్థ, ASCI) 2021 గైడ్‌లైన్స్‌లోనే ఉంది, ఉద్యోగ సంబంధం కూడా అందులోకే వస్తుంది, అది మా ఆఫీసులో ఎవరికీ తెలీదు (నాకూ తర్వాతే తెలిసింది).

ఇక మూడోది, నా ఓటు దీనికే. ఆ సున్నా వచ్చిన సర్వీస్ ఇంజినీరే ఒకరోజు సైట్ నుంచి ఫోటో పంపాడు, రియాక్టర్ సీల్ విప్పితే లోపలి కార్బన్ రింగు (ఫేస్) పగిలిపోయి ఉంది. సీల్ తప్పు కాదు, సీల్‌కి లిక్విడ్ అందించే పైన పాట్‌లో అది అయిపోయినా ఎవరూ చూడలేదు, లిక్విడ్ లేకుండానే తిరిగి (డ్రై రన్) వేడికి పగిలింది. ఇదే పోస్టుగా రాయి అంటే "నాకు ఇంగ్లీష్‌లో రాయడం రాదు సార్" అన్నాడు. సరే వాయిస్ మెసేజ్ పెట్టు అన్నా, రెండు నిమిషాలు మాట్లాడాడు, నేను టైప్ చేసి చదివి వినిపిస్తే, "థర్మోసైఫన్ సిస్టమ్ అంటే మా ఆపరేటర్లకి ఎక్కదు సార్, పాట్ అనే పెట్టండి" అని మార్పించి తన పేరు మీద వేసుకున్నాడు. కింద ఒక్క కంగ్రాట్స్ లేదు, అన్నీ ప్రశ్నలే, లెవెల్ స్విచ్ పెట్టుకోవచ్చా, ఎక్కడ పెట్టాలి అని. కంపెనీ పేజీ నుంచి ఎవరికీ కనెక్షన్ రిక్వెస్ట్ పంపడం కుదరదు కదా, ఇతను మాత్రం ప్రశ్నలడిగినవాళ్లందరికీ పంపాడు.

దీనికీ తలనొప్పులున్నాయి. నాలాంటోడు ఒకడు కూర్చుని రాసిపెట్టాలి, టైం పడుతుంది. మా ఓనరు గారి భయం వేరే, రేపు ఇతను మానేస్తే ఆ కనెక్షన్లన్నీ పట్టుకుపోతాడుగా అని. కస్టమర్ల ఫోన్లలో ఇప్పటికే సేవ్ అయి ఉన్నది అతని నంబరే సార్, మన ఆఫీసు ల్యాండ్‌లైన్ కాదు అన్నా, ఇంకేం మాట్లాడలేదు.

ఇప్పుడు ఇలా పోస్టులు పెట్టేది సర్వీస్, సేల్స్ కలిపి నలుగురే, శుక్రవారం ఆఫీసు టైంలోనే ఒక అరగంట, అప్రైజల్‌తో ముడిపెట్టం. క్యూసీలో ఒకావిడ నాకొద్దండి అంది, సరే అన్నాం. రూలు ఒక్కటే, ఫోటో పెట్టేముందు నాకు చూపించాలి. మొన్ననే ఒకదాంట్లో సీల్ వెనకాల డ్రమ్ము మీద కస్టమర్ ప్రోడక్ట్ పేరూ బ్యాచ్ నంబరూ నీట్‌గా కనిపిస్తున్నాయి, వాళ్ల వివరాలు బయటపెట్టమని ఎన్‌డీఏ (గోప్యత ఒప్పందం) సంతకం చేసిన కాగితం మా బీరువాలోనే ఉంది.